రేకుల షెడ్డు ట్రస్: కంప్యూటర్‌లో నోడ్ దగ్గర ఏం రాశామో అదే అసలు లెక్క

మిర్యాలగూడ చుట్టుపక్కల రైస్ మిల్లుల దారిలో వెళ్తుంటే ఏదో ఒకచోట కొత్త షెడ్డు లేస్తూ కనిపిస్తుంది. నేల చదును చేసి, దాని మీద యాంగిళ్లు పరిచి, సుద్దతో గీతలు గీసుకుని వెల్డర్లు మొదటి ట్రస్, అంటే కప్పును మోసే త్రికోణాల ఇనుప చట్రం, తయారు చేస్తారు. మిగతావన్నీ ఆ మొదటిదాని మీద పెట్టి అచ్చు గుద్దినట్టు కొట్టేస్తారు. అంటే మొదటిదాంట్లో తప్పు ఉంటే ఆ తప్పు షెడ్డు పొడవునా పది పన్నెండు సార్లు ఉంటుంది. అంతకు కొన్ని వారాల ముందు ఆ ట్రస్ ఏదో ఒక ఆఫీసులో, స్టాడ్‌లోనో ఈట్యాబ్స్‌లోనో, అంటే కట్టడాల బలం లెక్కకట్టే సాఫ్ట్‌వేర్లలో, సన్నటి గీతల బొమ్మగా పుట్టి ఉంటుంది. అక్కడ జరిగే తప్పు ఇంకా ముందుది, బయటికి కనిపించనిది.

ట్రస్ మోడల్ చేయడం చాలామందికి చాలా తేలికైన పని. నోడ్లు (గీతలు కలిసే చుక్కలు) పెట్టు, గీతలు, అంటే మెంబర్లు, కలుపు, సెక్షన్ ఇవ్వు, లోడ్ వెయ్యి, రన్ కొట్టు, ఎర్రగా వచ్చిన మెంబర్‌కు సైజు పెంచు, అంతా పచ్చగా వస్తే ప్రింట్ తియ్యి. పని నిజంగా ఇంతే అయితే బాధ లేదు. కానీ సాఫ్ట్‌వేర్‌కు గీతలు తెలుసు గానీ షెడ్డు తెలియదు. ప్రతి నోడ్ దగ్గర ఏది కదలకుండా పట్టి ఉంది, ఏది వదులుగా ఉంది అన్నది మనం చెప్పిందే దానికి సత్యం. మనం చెప్పకపోతే తనే ఒకటి అనుకుంటుంది, అదీ మాట్లాడకుండా. షెడ్డు లెక్కల్లో దొర్లే పెద్ద తప్పులు చాలావరకు మెంబర్ల సైజులో కాదు, ఈ నోడ్ల దగ్గరే దొర్లుతాయి.

ఊరికే చెబితే నమ్మకం కుదరదు కాబట్టి ఒక షెడ్డు తీసుకుందాం. వడ్ల బస్తాలు పెట్టే గోదాం, వెడల్పు దాదాపు 60 అడుగులు, లెక్కకు 18 మీటర్లు అనుకుందాం. మధ్యలో ఎత్తు 3 మీటర్లు, రెండు వైపులా వాలు, ట్రస్‌కు ట్రస్‌కు మధ్య 5 మీటర్లు. వాలు సుమారు 18 డిగ్రీలు వస్తుంది. రేకులు, వాటి కింద ట్రస్‌ల మీదుగా అడ్డంగా పోయే పర్లిన్లు, ట్రస్ సొంత బరువు అన్నీ కలిపి చదరపు మీటరుకు 25 కిలోలు. మనుషులు ఎక్కని కప్పుకు, లోడ్ల కోడ్ ఐఎస్ 875 రెండో భాగం ప్రకారం లైవ్ లోడ్ (వచ్చి పోయే బరువు) 75 కిలోలతో మొదలై, వాలు 10 డిగ్రీలు దాటాక డిగ్రీకి రెండు కిలోల చొప్పున తగ్గుతుంది, కాబట్టి ఇక్కడ 58 కిలోలు. రెండూ కలిపి 5 మీటర్ల వెడల్పుతో గుణించి, 1.5 భద్రతా గుణకం వేస్తే ట్రస్ మీద మీటరుకు సుమారు 6.2 కిలోన్యూటన్లు. ఒక టన్ను అంటే దాదాపు 10 కిలోన్యూటన్లు అని గుర్తు పెట్టుకుంటే చాలు, మిగతా లెక్క కాగితం మీద కూడా తెగుతుంది.

ఈ ట్రస్‌ను ఒక చివర పిన్ (ఎటూ జరగదు), ఇంకో చివర రోలర్ (అడ్డంగా జరగగలదు) పెట్టి లెక్క కడితే కింది మెంబర్‌లో, అంటే బాటమ్ కార్డ్‌లో, చివరి ప్యానెల్ (రెండు నోడ్ల మధ్య భాగం) దగ్గర 153 కిలోన్యూటన్లు, మధ్యలో 84 కిలోన్యూటన్ల టెన్షన్, అంటే లాగుడు, వస్తుంది. కింది మెంబర్ రెండు చివర్లనూ పట్టుకుని లాగుతోంది కాబట్టే వాలు మెంబర్లు బయటికి జారిపోకుండా ఉంటాయి. ట్రస్ అన్న ఆలోచన మొత్తం దీని మీదే నిలబడి ఉంది.

ఇప్పుడు అదే ఫైల్‌లో ఒక్క మార్పు. రోలర్ తీసేసి రెండు చివర్లా పిన్ పెట్టాలి. చాలామంది అలవాటుగా చేసేది ఇదే, సపోర్ట్ అంటే పిన్డ్, రెండు నోడ్లు సెలెక్ట్ చేసి ఒకేసారి ఇచ్చేస్తారు. ఫలితాలు ఎంత మారతాయంటే, చివరి ప్యానెల్‌లో 153 ఉన్న చోట 35 చూపిస్తుంది. మధ్యలో అయితే టెన్షన్ పోయి 35 దాకా కంప్రెషన్, అంటే నొక్కుడు, వస్తుంది. మిగతా బలం ఎక్కడికి పోయింది? రెండు సపోర్ట్‌లూ లోపలికి చెరో 120 కిలోన్యూటన్లతో, అంటే పన్నెండు టన్నులతో, అడ్డంగా నెడుతున్నాయి. సాఫ్ట్‌వేర్ తప్పు చేయలేదు. రెండు చివర్లూ వెంట్రుకంత కూడా కదలవని మనం చెప్పాం, కదలని గోడల మధ్య కింది మెంబర్ సాగే వీలే లేదు, అందుకే దాని పని గోడలు చేస్తున్నాయని అది నిజాయితీగా లెక్క కట్టి ఇచ్చింది.

సైటులో ఉన్నది కొండ కాదు, ఆరు మీటర్ల ఎత్తు పిల్లర్. పన్నెండు టన్నులు దాని తలమీద అడ్డంగా పడితే అడుగున 720 కిలోన్యూటన్ మీటర్ల బెండింగ్, అంటే వంపు. తొమ్మిది అంగుళాలకు పద్దెనిమిది అంగుళాల కాంక్రీట్ పిల్లర్ అందులో కొంచెం కూడా మోయలేదు. అది మోయదు, కొద్దిగా వంగుతుంది. ఆ కొద్దిగా వంగడంతోనే బలమంతా మళ్లీ కింది మెంబర్‌లోకి వచ్చేస్తుంది. అప్పటికే 35 చూసి అక్కడ ఒక్క 50×50×6 యాంగిల్ ఇచ్చి ఉంటే, ఆ యాంగిల్ వైశాల్యం 568 చదరపు మిల్లీమీటర్లు, మామూలు 250 గ్రేడ్ స్టీలుకు యీల్డ్ (సాగిపోవడం మొదలయ్యే హద్దు) లెక్కన దాని శక్తి 129 కిలోన్యూటన్లు. రావలసింది 153. బోల్టు రంధ్రాలు, ఒక కాలితోనే అతికించడం వల్ల తగ్గేది ఇంకా లెక్కలోకే రాలేదు.

దీనికి మందు పెద్దదేం కాదు. ట్రస్‌ను విడిగా గాలిలో పెట్టి మోడల్ చేయకుండా పిల్లర్లతో సహా మోడల్ చేయాలి, సపోర్ట్ పునాది దగ్గర ఇవ్వాలి. పిల్లర్ ఎంత వంగుతుందో అప్పుడు సాఫ్ట్‌వేరే చూసుకుంటుంది. ఒక వైపు రోలర్ ఇస్తే నిలువు లోడ్ల వరకు సరిపోతుంది గానీ, పక్క నుంచి గాలి కొట్టినప్పుడు భారమంతా ఒకే పిల్లర్ మీద పడ్డట్టు చూపిస్తుంది, అది ఇంకో రకం అబద్ధం. పిల్లర్లతో కలిపి చేయడమే మేలు, పట్టే టైం కూడా పది నిమిషాలు ఎక్కువ, అంతే.

ఇదే జబ్బు ఈట్యాబ్స్‌లో వేరే వేషంలో వస్తుంది. నల్లగొండ, మహబూబ్‌నగర్ బైపాస్‌ల మీద ఫంక్షన్ హాళ్లు చూస్తే కింద రెండు అంతస్తుల కాంక్రీట్, పైన స్తంభాలు లేని హాలుకు స్టీల్ ట్రస్ కప్పు. బిల్డింగ్ అంతా ఈట్యాబ్స్‌లో ఉంటుంది కాబట్టి ట్రస్‌ను కూడా అందులోనే పై అంతస్తు లెవెల్‌లో గీస్తారు. కాంక్రీట్ స్లాబు తన తలంలో గట్టిగా ఉంటుంది కాబట్టి ఆ లెవెల్ నోడ్లన్నిటికీ రిజిడ్ డయాఫ్రమ్ ఇవ్వడం అలవాటు. స్లాబుకు అది సరే. కానీ ట్రస్ కింది మెంబర్ నోడ్లు కూడా ఆ లెవెల్‌లోనే ఉంటే అవీ డయాఫ్రమ్‌లో చేరిపోతాయి. రిజిడ్ డయాఫ్రమ్ అంటే అందులోని నోడ్ల మధ్య దూరం మారదు. దూరం మారకపోతే మెంబర్ సాగదు, సాగకపోతే దాంట్లో బలం సున్నా. పదిహేను టన్నులు మోయాల్సిన మెంబర్‌కు రిపోర్టులో సున్నా వస్తుంది, డిజైన్ రేషియో (మోయగల బలంలో వాడుతున్న వంతు) పచ్చగా ఉంటుంది, ఏ హెచ్చరికా రాదు. పెళ్లికి వెయ్యి మంది కూర్చునే హాలు కాబట్టి ఇది చిన్న విషయం కాదు. రేకుల కప్పు ఉన్న చోట రిజిడ్ డయాఫ్రమ్ వద్దు, ట్రస్ నోడ్లను అందులోంచి తీసెయ్యాలి. తీసేశాక కింది మెంబర్‌లో యాక్సియల్ ఫోర్స్ (పొడవునా లాగే, నొక్కే బలం) కనిపిస్తోందో లేదో ఒకసారి కళ్లతో చూసుకోవాలి.

ఇక మెంబర్లను ఎలా చెప్పాలి అన్న ప్రశ్న. క్లాసులో చెప్పే ట్రస్‌లో ప్రతి నోడ్ మడతబందు లాంటిది, లోడ్ నోడ్ మీదే పడుతుంది, మెంబర్లలో లాగుడు, నొక్కుడు తప్ప వంపు ఉండదు. స్టాడ్‌లో మెంబర్ ట్రస్ అని ఒక ఆప్షన్ ఉంది, అది కొడితే ఆ మెంబర్ బెండింగ్ తీసుకోదు. లోపల ఉండే అడ్డ, నిలువు మెంబర్లకు ఇది బాగానే పనికొస్తుంది. మరి పై వాలు మెంబర్ సంగతి? అది ఒక చివరి నుంచి కొప్పు దాకా ముక్క కాకుండా వచ్చే యాంగిల్ జత లేదా పైపు. నోడ్ దగ్గర దానికి మడత లేదు. పైగా పర్లిన్లు నోడ్ మీదే పడతాయన్న గ్యారంటీ లేదు. ప్యానెల్ 1.5 మీటర్లు ఉంటుంది, రేకుకు పర్లిన్ నాలుగు, నాలుగున్నర అడుగులకు కావాలి, సైటులో మేస్త్రీ కొలత పెట్టుకుంటూ పోతే రెండో పర్లిన్ నుంచే నోడ్ తప్పుతుంది. ప్యానెల్ మధ్యలో ఒక పర్లిన్ పడి 9 కిలోన్యూటన్లు దించితే, 160 దాకా నొక్కుడులో ఉన్న ఆ మెంబర్‌కు అదనంగా సుమారు 1.7 కిలోన్యూటన్ మీటర్ల వంపు వస్తుంది. లోడ్లన్నీ నోడ్ మీద వేసిన మోడల్‌లో ఈ వంపు కనిపించదు. నొక్కుడులో ఉన్న సన్నటి మెంబర్‌కు వంపు తోడైతే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. కాబట్టి పై మెంబర్‌ను, కింది మెంబర్‌ను మామూలు బీమ్‌లుగా ఒకే వరసలో ఉంచి, మధ్యలో వెబ్ మెంబర్లకు (లోపలి అడ్డ, నిలువు మెంబర్లకు) మాత్రమే చివర్ల రిలీజ్ (మడతబందులా తిరిగే వీలు) ఇచ్చి, పర్లిన్ ఎక్కడ పడుతుందో సరిగ్గా అక్కడే లోడ్ వెయ్యాలి.

కొందరు అన్ని మెంబర్లకూ కలిపి ట్రస్ ఆప్షన్ కొట్టేస్తారు. అప్పుడు రన్ చేయగానే ఫలానా జాయింట్ దగ్గర స్థిరత్వం లేదు, బలహీన స్ప్రింగ్ పెడుతున్నాను అని స్టాడ్ హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరికను దాటేసి రిజల్ట్ చూడటం చాలా ఆఫీసుల్లో రోజూ జరిగే పనే. అలా చేయకూడదు. ఆ నోడ్‌ను పక్కకు పడిపోకుండా ఏదీ పట్టుకోలేదు అని మొత్తం డిజైన్‌లో సాఫ్ట్‌వేర్ నోరు తెరిచి చెప్పే ఒకే ఒక్క సందర్భం అది. ఒక్కోసారి అది మోడల్ లోపం, రిలీజ్ ఎక్కువ ఇచ్చి ఉంటాం. ఒక్కోసారి అది షెడ్డు లోపమే, అక్కడ నిజంగానే బ్రేసింగ్ (పక్కకు ఒరగకుండా పట్టే కట్టు) లేదు. ఏదో తేల్చుకోకుండా ముందుకు పోకూడదు.

ఇక్కడి నుంచి గాలి దగ్గరికి రావాలి. దక్షిణ తెలంగాణలో రేకుల షెడ్డు చెడేది ఎక్కువగా బరువుతో కాదు, గాలితో. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం దాకా ఎండ మండి, సాయంత్రానికి మబ్బు కమ్మి, దుమ్ముతో పాటు ఈదురుగాలి కొడుతుంది. జడ్చర్ల అయినా దేవరకొండ అయినా హాలియా అయినా రేకులు లేచిపోయాయన్న వార్త ప్రతి ఎండాకాలం వినేదే. లేచిపోయాయి అన్న మాటలోనే విషయం ఉంది, గాలి కప్పును కిందికి నొక్కదు, పైకి పీలుస్తుంది.

ఐఎస్ 875 మూడో భాగం, 2015లో సవరించినది, హైదరాబాద్‌కు సెకనుకు 44 మీటర్ల ప్రాథమిక గాలి వేగం ఇస్తుంది, విజయవాడకు 50. ఆ రెంటి మధ్య దారిలో ఉన్న సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ఏ పట్టీలోకి వస్తాయో పటంలో వేలు పెట్టి చూసుకోవాలి, ఎందుకంటే 44కూ 50కీ తేడా వేగంలో చిన్నదే గానీ ఒత్తిడిలో 29 శాతం. 44 తీసుకుంటే, ఎత్తు, నేల స్వభావం గుణకాలు ఒకటి అనుకుంటే, 0.6 ఇంటూ వేగం స్క్వేర్, చదరపు మీటరుకు 1.16 కిలోన్యూటన్లు. కోడ్ అనుమతించే దిశ, వైశాల్యం లాంటి తగ్గింపులన్నీ తీసుకుంటే సుమారు 0.8కి దిగుతుంది. దాన్ని పీల్చుడు గుణకాలతో గుణించాలి. బయటి నుంచి 0.7 దాకా పీల్చుడు, లోపలి నుంచి గోడల్లో ఉన్న ఖాళీలను బట్టి తోపుడు. ఖాళీలు 5 శాతం లోపైతే 0.2, 5 నుంచి 20 శాతం అయితే 0.5, అంతకు మించితే 0.7. లారీ లోపలికి వెళ్లి బస్తాలు దించుకునే షెడ్డు, రెండు వైపులా పెద్ద గేట్లు, పైన గాలి కోసం జాలీలు, ఇలాంటిదానికి 0.2 వేయడం సరికాదు. మనం 0.5 వేద్దాం. మొత్తం 1.2.

ఇప్పుడు 1.5 గుణకం వేసి, కప్పు బరువులో 0.9 వంతు మాత్రమే తీసేస్తే పైకి లాగే బలం మీటరుకు సుమారు 6 కిలోన్యూటన్లు. కిందికి నొక్కేది 6.2 అని మొదట చూశాం. అంటే ఈ షెడ్డు సరిగ్గా డిజైన్ అవ్వాలంటే అదే ట్రస్‌ను తలకిందులు చేసి ఇంకోసారి డిజైన్ చేసినట్టే. కింది మెంబర్‌లో 153 టెన్షన్ ఉన్న చోట 150 దాకా కంప్రెషన్ వస్తుంది.

కింది మెంబర్‌కు రెండు 65×65×6 యాంగిళ్లు వీపు వీపు ఆనించి, మధ్యలో 8 మిల్లీమీటర్ల గస్సెట్ (మెంబర్లను కలిపే ప్లేటు) పెట్టి ఇచ్చామనుకుందాం. లాగుడుకు దాని శక్తి 338 కిలోన్యూటన్లు, సగం కూడా వాడటం లేదు. నొక్కుడుకు? సాఫ్ట్‌వేర్ నోడ్ నుంచి నోడ్‌కు ఉన్న పొడవునే, 1.5 మీటర్లనే, రెండు దిశల్లోనూ బక్లింగ్ పొడవు (నొక్కితే వంగిపోగల, మధ్యలో పట్టులేని పొడవు) అనుకుంటుంది. స్టాడ్‌లో ఎల్‌వై, ఎల్‌జెడ్ అనే పారామీటర్లు మనం ఇవ్వకపోతే అవి మెంబర్ పొడవే. ఆ లెక్కన శక్తి 200 కిలోన్యూటన్లు దాటుతుంది, 150కి అది చాలు, పచ్చరంగు. ట్రస్ తలంలో అది నిజమే, నిలువు, అడ్డ మెంబర్లు ప్రతి 1.5 మీటర్లకూ పట్టుకుంటున్నాయి. కానీ పక్కకు? పై మెంబర్‌ను పర్లిన్లు పట్టుకుంటాయి. కింది మెంబర్‌ను పక్క నుంచి ఏం పట్టుకుంది? చాలా షెడ్లలో సమాధానం, ఏమీ లేదు. ఈ పిల్లర్ నుంచి ఆ పిల్లర్ దాకా 18 మీటర్లు అది ఒంటరిగా వేలాడుతోంది. ఆ యాంగిల్ జతకు పక్క దిశలో రేడియస్ ఆఫ్ గైరేషన్ (ఆకారం వంగకుండా ఎంత నిలబడుతుందో చెప్పే కొలత) 3 సెంటీమీటర్లు. 18 మీటర్లను, అంటే 1800 సెంటీమీటర్లను, 3తో భాగిస్తే 600, దీన్నే స్లెండర్‌నెస్ (సన్నదనం) అంటారు. గాలికి నొక్కుడు పడే టై మెంబర్‌కు కూడా స్టీల్ కోడ్ ఐఎస్ 800:2007 ఇచ్చే గరిష్ఠం 350, గాలి వల్ల వచ్చే నొక్కుడును నిజంగా మోయాల్సిన దానికి 250. స్లెండర్‌నెస్ 600 దగ్గర ఆ జత మోసేది పది కిలోన్యూటన్లు కూడా లేదు. 150 రావాల్సిన చోట పది. లాగుడులో ఉన్నంతకాలం దీని ఊసు ఎవరికీ పట్టదు, ఏళ్ల తరబడి షెడ్డు నిక్షేపంగా నిలబడుతుంది. ఒక సాయంత్రం గాలి పైకి లాగితే మాత్రం కింది యాంగిల్ విల్లులా పక్కకు వంగిపోతుంది.

అదే కింది మెంబర్‌ను 3 మీటర్లకు ఒకచోట, ట్రస్ నుంచి ట్రస్‌కు ఒక పైపుతో కట్టి, ఆ వరసలను చివరి బేలలో (రెండు ట్రస్‌ల మధ్య ఖాళీల్లో) క్రాస్ బ్రేసింగ్‌కు ముడివేస్తే స్లెండర్‌నెస్ 100కు దిగుతుంది, శక్తి 159 కిలోన్యూటన్లకు చేరుతుంది, గీటు దాటి బతుకుతుంది. మధ్యలో ఐదు వరసల సన్న పైపులు, అంతే తేడా. ఆ వరసలు చివర ఎక్కడో గట్టిగా ముడిపడటం మాత్రం తప్పదు. ముడి లేకుండా ట్రస్‌లన్నిటినీ ఒకదానికొకటి కడితే అన్నీ కలిసి ఒకే వైపుకు ఒరుగుతాయి. మోడల్‌లో దీన్ని రెండు రకాలుగా చెప్పొచ్చు. బ్రేసింగ్‌తో సహా మొత్తం షెడ్డు మోడల్ చేసి, కింది మెంబర్‌కు పక్క దిశలో బక్లింగ్ పొడవు ఆ పైపుల మధ్య దూరమని చేత్తో రాయాలి. లేదా ఒక్క ట్రస్ మోడల్ చేసినా ఆ పొడవు రాయాలి. ఎలా చేసినా ఆ అంకె మనిషే రాయాలి, ఏ బటనూ రాయదు.

గాలి పైకి లాగే బలం చివరికి ఎక్కడ దిగుతుందో కూడా చూడాలి. ఒక్కో సపోర్ట్ దగ్గర సుమారు 55 కిలోన్యూటన్లు, అయిదున్నర టన్నులు, పైకి. ఊళ్లలో ఇంకా ఇటుక పిల్లర్ల మీద ట్రస్ కూర్చోబెట్టే షెడ్లు ఉన్నాయి. అడుగున్నర చదరం ఇటుక పిల్లర్ 5 మీటర్ల ఎత్తు ఉన్నా దాని సొంత బరువు రెండు టన్నులు. అంటే పిల్లర్‌తో సహా లేపగల గాలి అది. రియాక్షన్ టేబుల్‌లో (సపోర్ట్‌ల దగ్గరి బలాల పట్టికలో) గాలి కాంబినేషన్‌కు గుర్తు మారిందా అని చూస్తే ఈ విషయం అక్కడే తెలుస్తుంది, అయినా చాలామంది ఆ టేబుల్‌లో పునాదికి పెద్ద అంకె వెతుక్కుని మూసేస్తారు.

క్రాస్ బ్రేసింగ్‌కు సన్నటి రాడ్లు వాడితే అవి లాగుడుకే పనికొస్తాయి, నొక్కితే వంగిపోతాయి, కాబట్టి మోడల్‌లో టెన్షన్ ఓన్లీ అని చెప్పాలి. స్టాడ్‌లో ఇలా చెప్పినప్పుడు లోడ్ కాంబినేషన్ వాడకుండా రిపీట్ లోడ్ (లోడ్లను కలిపి మళ్లీ మొదటి నుంచి లెక్క కట్టేది) వాడాలి. కాంబినేషన్ ముందే వచ్చిన ఫలితాలను ఊరికే కూడుతుంది, ఏ రాడ్ పని మానేసిందో మళ్లీ చూడదు.

ఒంటి యాంగిల్ వెబ్ మెంబర్ల గురించి ఒక మాట. 50×50×6 యాంగిల్‌కు కాలి దిశలో రేడియస్ 15 మిల్లీమీటర్లు, కానీ అది వంగేది మూల దిశలో, అక్కడ 9.6 మాత్రమే. 1.5 మీటర్ల పొడవుకు స్లెండర్‌నెస్ ఒక లెక్కన 99, ఇంకో లెక్కన 156. చేత్తో సరిచూసేవాళ్లు తరచూ మొదటిది తీసుకుంటారు.

రెవిట్, టెక్లా లాంటి బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్లలో ట్రస్ గీయడం వేరే కథ. రెవిట్‌లో ట్రస్ ఫ్యామిలీ ఎంచుకుని రెండు చుక్కలు చూపిస్తే నిమిషంలో బొమ్మ వస్తుంది, కప్పు వాలుకు అతికించవచ్చు కూడా. చూడ్డానికి బాగుంటుంది, అందుకే ఓనర్‌కు చూపించే బొమ్మ, లెక్కకు వాడే మోడల్ రెండూ ఒకటే అన్న భ్రమ కలుగుతుంది. 2023 వెర్షన్ నుంచి రెవిట్‌లో భౌతిక మోడల్, విశ్లేషణ మోడల్ విడివిడిగా ఉంటున్నాయి, కాబట్టి బొమ్మలో యాంగిల్ జరిపితే లెక్కలో గీత జరుగుతుందన్న నమ్మకం పెట్టుకోకూడదు. అసలు సమస్య ఇంకొంచెం లోతుగా ఉంది. లెక్కలో మూడు గీతలు ఒకే చుక్క దగ్గర కలుస్తాయి. యార్డులో వెల్డర్ యాంగిళ్ల అంచులు కలిసేలా పెడతాడు, మధ్య గీతలు కలిసేలా కాదు, ఎందుకంటే వెల్డింగ్‌కు చోటు కావాలి, పైగా మధ్య గీత కంటికి కనిపించేది కాదు. ఆ తేడా 40 మిల్లీమీటర్లు ఉండి, అక్కడ బలం 150 కిలోన్యూటన్లు ఉంటే, 6 కిలోన్యూటన్ మీటర్ల వంపు కొత్తగా పుట్టినట్టే. పర్లిన్ తప్పినందుకు వచ్చిన దానికి మూడింతలకు పైన. కాబట్టి జాయింట్ డ్రాయింగ్‌లో మధ్య గీతలు చూపించి, గస్సెట్ ప్లేటు ఆ చుక్క చుట్టూ ఎంత పెద్దది కావాలో కొలతతో ఇవ్వాలి. గీతలు కలపడం కుదరకపోతే ఆ తేడాను మోడల్‌లోనే పెట్టి రన్ చేయాలి.

ఇక సరుకు. యాంగిళ్ల బదులు చదరపు పైపులు వాడటం బాగా పెరిగింది. సాఫ్ట్‌వేర్ పట్టికలో 50×50×2.9 పైపు ఎంచుకుంటాం, దుకాణంలో అదే 50×50 రెండు మిల్లీమీటర్ల మందంలో కూడా దొరుకుతుంది. బయటికి రెండూ ఒకేలా ఉంటాయి, లోపల స్టీలు 30 శాతం తక్కువ. కాంటా మీద పెడితే దొరికిపోతుంది, కాబట్టి డ్రాయింగ్ మీద సైజుతో పాటు మీటరుకు ఎన్ని కిలోలు ఉండాలో రాసేస్తే పంచాయితీ ఉండదు.

మిల్లు నడుస్తున్నకొద్దీ షెడ్డు మీద బరువు పెరుగుతుందన్నది కూడా లెక్కలో ఉండాలి. కింది మెంబర్‌కు కన్వేయర్ వేలాడదీస్తారు, మోటారు ఎత్తడానికి చైన్ బ్లాక్ తగిలిస్తారు, అదీ నోడ్ దగ్గర కాదు, ఎక్కడ వీలైతే అక్కడ. ఇప్పుడు కప్పు మీద సోలార్ ప్యానెళ్లు వస్తున్నాయి, ఫ్రేముతో కలిపి చదరపు మీటరుకు 12 నుంచి 15 కిలోలు. మొదట మనం కప్పు మొత్తానికి వేసుకున్న బరువే 25 కిలోలు. ఓనర్‌ను మొదటి రోజే అడిగి, ప్యానెళ్ల ఆలోచన ఉంటే ఆ బరువు లేకుండా ఒకసారి, ఉండి ఒకసారి రెండు రకాలుగా రన్ చేయాలి. లేకుండా ఎందుకంటే, పైకి లాగే గాలికి తక్కువ బరువే ప్రమాదం.

ఇంతా చేసి చివర్లో కాగితం మీద ఒక్క లెక్క కట్టుకోవడం చాలా అవసరం. మీటరు లోడ్ ఇంటూ వెడల్పు స్క్వేర్ బై ఎనిమిది, దాన్ని మధ్య ఎత్తుతో భాగిస్తే కింది మెంబర్ మధ్యలో బలం వస్తుంది. మన షెడ్డుకు 84. సాఫ్ట్‌వేర్‌లో అది రాకుండా మైనస్ 35 వస్తే సపోర్ట్ తప్పు, సున్నా వస్తే డయాఫ్రమ్ తప్పు. రెండు నిమిషాల పని.

డ్రాయింగ్ బయటికి వెళ్లాక దాన్ని చదివేది ఫ్యాబ్రికేటర్, కూలీ కిలో లెక్కన. టెన్షన్ మెంబర్‌కు అడ్డంగా పోయే ఆ ఐదు వరసల పైపులు అతనికి ఏ పనీ చేయని పైపుల్లా కనిపిస్తాయి, స్టీలు మిగులుతుందని ఓనర్ కూడా తీసేద్దామంటాడు, అందరూ మంచి మనసుతోనే అంటారు. అందుకే ఆ వరసల పక్కన తెలుగులోనే, పెద్ద అక్షరాలతో, గాలికి కింది యాంగిల్ పక్కకు వంగకుండా పట్టుకునేవి ఇవే, వీటిని తీయొద్దు, చివరి బేలో క్రాస్ రాడ్లకు ముడివేయండి అని రాసి పంపాలి.